మా కుటుంబ ప్రార్థన అమ్మ మంచం దగ్గరికి మారాక

ఇంట్లో మంచం పట్టిన పెద్దవాళ్ళను చూసుకుంటూ, చర్చికి సరిగ్గా వెళ్ళలేకపోతున్నాం, కూర్చుని ప్రార్థన చేసుకునే తీరిక కూడా ఉండటం లేదు, దేవుడికి దూరమైపోతున్నామేమో అని లోలోపల కుమిలిపోయే కుటుంబాలు మన చుట్టూ చాలానే ఉన్నాయి. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను. మా ఇంట్లో దూరం కావడం మాట అటుంచి, చిన్నప్పటి నుంచి వింటూ పెరిగిన మాటలు నాకు మొట్టమొదట అర్థమైంది ఆ మంచం పక్కనే.

మాది గుంటూరు, తాతల నాటి నుంచి లూథరన్ కుటుంబం. ఈ ఊళ్ళో లూథరన్లంటే ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. 1842 జూలై 31న హేయర్ అనే జర్మన్ అమెరికన్ పాస్టరు గారు ఇక్కడికి వచ్చిన దగ్గర్నుంచి స్కూళ్ళు, ఏసీ కాలేజీ (ఆంధ్ర క్రిస్టియన్ కాలేజీ), 1883లో వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ అమ్మగారి పేరు మీద ఉన్న ఆసుపత్రి, ఇవన్నీ ఊరితో పాటే పెరిగాయి. మా అమ్మమ్మ బైబిల్ ఉమన్. అంటే ఇంటింటికీ నడిచి వెళ్ళి, బయటకు రాలేని ఆడవాళ్ళ పక్కన చాప మీద కూర్చుని వాక్యం చదివి వినిపించేది, చదువు రానివాళ్ళకు అక్షరాలు నేర్పేది. మా అమ్మ మిషన్ స్కూల్లో టీచరుగా రిటైరైంది, ఆదివారమైతే సండే స్కూలు. పేటలో సగం మందికి ఆవిడ టీచరమ్మే.

నేను మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమాస్తాను. మా ఆవిడ ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. పాప ఎనిమిదో తరగతి, బాబు నాలుగు. మా విశ్వాసం ఎలా ఉండేదంటే, ఆదివారం ఆరాధన, నెలకోసారి ప్రభు భోజనం (యేసును తలచుకుంటూ రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకోవడం), క్రిస్మస్‌కి ఇంటి మీద స్టారు, గుడ్ ఫ్రైడే రోజు యేసు సిలువ మీద పలికిన ఏడు మాటలు. అది ఉత్తదే అని ఎప్పుడూ అనను, ఆ ఆరాధనలే మమ్మల్ని నిలబెట్టాయి. కానీ యార్డులో టిక్కీలు (మిర్చి బస్తాలు) లెక్కపెట్టే నాకూ, చర్చిలో మోకరించే నాకూ మధ్య పెద్దగా మాటలుండేవి కావు.

సంక్రాంతి వెళ్ళి యార్డుకు సరుకు జోరుగా రావడం మొదలైన రోజుల్లో అమ్మకు పక్షవాతం వచ్చింది. మెదడులో ఎడమవైపు రక్తం గడ్డ కట్టింది, అందుకని కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మాట కూడా పోయింది. మనం చెప్పేది చాలావరకు అర్థమవుతుంది, తను చెప్పాలనుకున్నది నోటి దాకా వచ్చి ఆగిపోతుంది. నలభై ఏళ్ళ పాటు పిల్లలకు పాఠాలు చెప్పిన మనిషికి మంచినీళ్ళు అడగడానికి మాట రాకపోవడం ఎలా ఉంటుందో, ఆ మొదటి వారాల్లో ఆవిడ కళ్ళలో చూశాను. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చేటప్పుడు డాక్టరు గారు ఉన్నదున్నట్టు చెప్పారు. కొంత వస్తుంది, అంతా రాదు, ఓపిగ్గా చేయించండి అని.

ఇంట్లో చూసుకోవడం మా ఆవిడే నేర్పింది. రెండు గంటలకోసారి పక్క మార్చాలి, లేకపోతే నడుం దగ్గర, మడమల దగ్గర పుండ్లు పడతాయి. గాలి పరుపు వేసినా సరే, మార్చాల్సిందే. అన్నం పెట్టేటప్పుడు వీపు నిటారుగా ఉండాలి, గడ్డం కాస్త కిందికి వంచాలి, మింగిందో లేదో చూసి అప్పుడు రెండో ముద్ద. నీళ్ళలాంటి పల్చటివి గొంతుకు అడ్డం పడి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది కాబట్టి అన్నీ కాస్త చిక్కగానే, రాగి జావ, మెత్తగా మెదిపిన పప్పన్నం. పడిపోయిన చెయ్యి పట్టుకుని లాగి లేపకూడదు, భుజం జారిపోతుంది. ఫిజియోథెరపీ అబ్బాయి చెప్పిన ఈ ఒక్క మాట చాలామందికి తెలియదు, చుట్టాలొచ్చి ప్రేమతో ఆ చెయ్యే పట్టుకుని లేపబోతారు, గుర్తుపెట్టుకోండి.

నాకింకో పని ఉండేది. యార్డు నుంచి వచ్చేసరికి బట్టల్నిండా, జుట్టునిండా మిరప ఘాటే. ఆ బట్టలతో దగ్గరికి వెళితే అమ్మకు దగ్గు, ఆ దగ్గుకు పొర పోతుంది. అందుకని వీధి గుమ్మంలోంచి నేరుగా స్నానానికి, తలస్నానం చేశాకే అమ్మ గదిలోకి.

మా ఆవిడకు నైట్ డ్యూటీలు పడే వారాల్లో రాత్రంతా నాదే. డైపర్ మార్చడం, ఒళ్ళు తుడవడం, పౌడరు వేసి బట్టలు కట్టడం. కొడుకు చేత ఆ పనులు చేయించుకోవాల్సి వచ్చేసరికి అమ్మ మొహం గోడ వైపు తిప్పుకునేది. నాకూ ఏడుపొచ్చేది. పైగా చుట్టాల్లో ఒకాయన, నలుగురిలో, "మగాడివై ఉండి ఇవన్నీ నువ్వు చేయడమేంట్రా, ఒక పనిమనిషిని పెట్టలేవా" అన్నాడు. పనిమనిషిని పెట్టే స్తోమత లేదన్నది ఒకటి, ఆ మాట నన్ను తాకిన తీరు ఇంకొకటి. కొన్ని రోజులు ఎవరైనా ఇంటికొస్తే డైపర్ల ప్యాకెట్టు మంచం కిందికి తోసేసేవాణ్ణి.

ఆ సంగతి మా చర్చి అయ్యగారితో, అంటే పాస్టరు గారితో, ఒకసారి చెప్పుకున్నాను. ఆయన ప్రసంగం ఏమీ చేయలేదు. మా లూథరన్ సంఘాలకు ఆ పేరు ఎవరి వల్ల వచ్చిందో ఆ జర్మనీ సంస్కర్త మార్టిన్ లూథర్ 1522లో వివాహ జీవితం గురించి రాసినప్పుడు ఏమన్నాడో చెప్పారు. ఒక తండ్రి బిడ్డ గుడ్డలు ఉతుకుతుంటే ఊళ్ళోవాళ్ళు వీడేంటి ఆడంగిలా అని నవ్వుతారు, కానీ దేవుడు తన దూతలందరితో కలిసి, సృష్టి అంతటితో కలిసి సంతోషంగా చిరునవ్వు నవ్వుతాడు, గుడ్డలు ఉతుకుతున్నాడని కాదు, ఆ పని విశ్వాసంతో చేస్తున్నాడని, ఇదీ దాని సారాంశం. ఆ మాట రాసేనాటికి లూథర్‌కు పెళ్ళే కాలేదు, 1525లో గాని చేసుకోలేదు. మూడు తరాలుగా లూథరన్‌లం, ఈ మాట మాకెవరూ చెప్పలేదు! మనం రిఫర్మేషన్ (సంఘ సంస్కరణ) పండగ చేస్తాం, 1517లో లూథర్ చర్చి తలుపుకు కొట్టాడని చెప్పే 95 సిద్ధాంతాల గురించి చెప్పుకుంటాం, మంచిదే. కానీ రాత్రి రెండింటికి డైపర్ మార్చే మనిషికి కావాల్సింది ఈ మాట. నన్నడిగితే ప్రతి పెళ్ళిలోనూ ఇది చదవాలి.

ఆ రాత్రి నుంచి నేను ఆ పని మొదలుపెట్టే ముందు "పరలోకమందున్న మా తండ్రీ" అని పైకే చెప్పడం మొదలుపెట్టాను. చెప్పడం పూర్తయ్యేసరికి సగం పని అయ్యేది. అమ్మ వింటూ ఉండేది. అలా కొన్నాళ్ళు గడిచాక ఒక రాత్రి నేను అలసిపోయి మధ్యలో ఆగిపోయాను, ఆ ఆగిన చోట నుంచి అమ్మ గొంతు అందుకుంది. "మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము." స్పష్టంగా, టీచరమ్మ గొంతుతో. నీళ్ళు అనడానికి రాని నోటితో!

పొద్దున్నే ఇంట్లో అందరికీ చెబితే పిల్లలు గంతులేశారు. పక్కింటివాళ్ళు అద్భుతం జరిగిందన్నారు. ఫిజియోథెరపీ అబ్బాయి, ఆ తర్వాత డాక్టరు గారు చెప్పింది ఏంటంటే, మాట పోయినవాళ్ళలో కూడా ఏళ్ళ తరబడి నోటికి వచ్చినవి, అంటే అంకెలు, వారాల పేర్లు, ప్రార్థనలు, ముఖ్యంగా పాటలు, చాలాసార్లు మిగిలిపోతాయట. కొత్తగా వాక్యం కట్టే పని మెదడు ఎడమ భాగంలో ఎక్కువగా జరుగుతుంది, పాటకు కుడి భాగం కూడా సాయం చేస్తుంది, అందుకని పాడించండి, బాగా పాడించండి, మాట రావడానికి కూడా అది పనికొస్తుంది అన్నారు. ఆ వివరం విన్నాక కొందరు మా వైపు జాలిగా చూశారు, అద్భుతం కాదట కదా అన్నట్టు. నాకు మాత్రం దేవుడు ఏమీ తగ్గినట్టు అనిపించలేదు. అమ్మ చిన్నపిల్లగా అమ్మమ్మ పక్కన కూర్చుని పాడిన కీర్తనలు, మెదడులో దెబ్బ తగలని చోట అన్నేళ్ళు భద్రంగా ఉన్నాయంటే, ఆ మెదడును అలా చేసినవాడికి స్తోత్రం చెప్పకుండా ఎలా ఉంటాం?

అప్పటి నుంచే మా కుటుంబ ప్రార్థన హాల్లోంచి అమ్మ గదిలోకి మారింది. నిజం చెప్పాలంటే అంతకుముందు కుటుంబ ప్రార్థన అనేది అమ్మ పట్టుబడితే జరిగేది. ఇప్పుడు రాత్రి అమ్మకు అన్నం పెట్టడం అయ్యాక, వెంటనే పడుకోబెట్టకూడదు కదా, ఒక అరగంట కూర్చోబెట్టాలి, ఆ అరగంటే మా ప్రార్థన వేళ. పాప కీర్తన ఎత్తుకుంటుంది, అమ్మ అందుకుంటుంది, ఎడమ చేత్తో దుప్పటి మీద తాళం వేస్తుంది. ఒక్కో రోజు చరణాలన్నీ వస్తాయి, ఒక్కో రోజు పల్లవి దగ్గరే ఆగిపోయి కోపంతో కళ్ళు మూసుకుంటుంది. ఆ రోజు మేము మాత్రమే పాడతాం. తర్వాత మార్కు సువార్తలోంచి ఒక చిన్న భాగం. మార్కు ఎందుకంటే చిన్న చిన్న సంఘటనలు, బాబు కూడా కూర్చుని వింటాడు. పేతురు అత్త జ్వరంతో పడుకుని ఉంటే యేసు చెయ్యి పట్టుకుని లేపిన సంగతి మొదటి అధ్యాయంలోనే ఉంది, అది చదివిన రోజు బాబు "డాడీ, ఏ చెయ్యి పట్టుకుని లేపాడు, పడిపోయిన చెయ్యా?" అని అడిగాడు. అమ్మ నవ్వింది.

పాపకు చర్చిలో కన్ఫర్మేషన్ (చిన్నప్పుడు బాప్తిస్మం పొందినవాళ్ళు పెద్దయ్యాక తమ విశ్వాసాన్ని సంఘం ముందు ఒప్పుకోవడం) క్లాసులు మొదలయ్యాయి, చిన్న కాటకిజం, అంటే విశ్వాసం గురించి ప్రశ్నలు జవాబులుగా ఉండే చిన్న పుస్తకం, బట్టీ పట్టాలి. నేనూ ఆ వయసులో పట్టాను, ఏమీ గుర్తులేదు. పాప చేత అప్పజెప్పించుకుంటున్నప్పుడే గమనించాను, లూథర్ 1529లో దాన్ని రాసిందే ఇంటి కోసం. ఇంటి పెద్ద తన ఇంట్లోవాళ్ళకు సులువుగా నేర్పాల్సిన తీరు ఇదీ అని ప్రతి భాగం పైనా ఉంటుంది. పొద్దున్నే లేవగానే చేసే ప్రార్థన ఉంది, అది చేసుకుని సంతోషంగా పనికి వెళ్ళమంటాడు. రాత్రి ప్రార్థన చేసుకుని వెంటనే హాయిగా నిద్రపొమ్మంటాడు. ఇక అనుదినాహారము అంటే ఏమిటి అన్న ప్రశ్నకు జవాబుగా పెద్ద పట్టికే ఉంది: తిండి, నీళ్ళు, బట్టలు, చెప్పులు, ఇల్లు, పొలం, పశువులు, డబ్బు, మంచి పిల్లలు, మంచి ప్రభుత్వం, అనుకూలమైన వాతావరణం, శాంతి, ఆరోగ్యం, మంచి స్నేహితులు, నమ్మకమైన పొరుగువాళ్ళు, ఇంకా ఇలాంటివన్నీ. దానికి ముందే ఇంకో మాట. మనం అడగకపోయినా దేవుడు అందరికీ, చెడ్డవాళ్ళకు కూడా, అనుదినాహారం ఇస్తూనే ఉన్నాడు, అది ఆయన ఇస్తున్నదని మనం తెలుసుకుని కృతజ్ఞతతో పుచ్చుకోవడానికే ఈ ప్రార్థన.

ఇది చదివి నేను చాలాసేపు ఆలోచించాను. అప్పటిదాకా నా ప్రార్థన అంతా అడగడమే. అమ్మకు చెయ్యి రావాలి, ఈ సీజన్‌లో రేటు పడిపోకూడదు, మందుల ఖర్చు తగ్గాలి. అడగడం తప్పని కాదు, ఇప్పటికీ అడుగుతాం. కానీ ఆ రోజు నుంచి ప్రార్థనలో ఒక పని పెట్టుకున్నాం. ఆ పట్టికలోకి ఆ రోజువి మనవి చేర్చడం. ఎవరికి తోచింది వాళ్ళు ఒకటి చెప్పాలి. బాబు మొదటి రోజు "ఫ్యాన్" అన్నాడు, ఏప్రిల్ ఎండలు కదా, గుంటూరులో ఉన్నవాళ్ళకు ఆ మాట విలువ తెలుసు. పాప "గాలి పరుపు" అంది. మా ఆవిడ, పై వాటాలో ఉండే ముస్లిం ఆంటీ పేరు చెప్పింది. మా ఆవిడ డ్యూటీలోనూ నేను యార్డులోనూ ఉండే మధ్యాహ్నాల్లో ఆవిడే కిందికొచ్చి అమ్మను పక్క మారుస్తుంది, రంజాన్ ఉపవాసంలో ఉండి కూడా అమ్మకు జావ తాగించింది. నమ్మకమైన పొరుగువాళ్ళు అని లూథర్ రాసిన చోట మా ఇంట్లో ఇప్పుడు ఆవిడ పేరే ఉంది. నేను యార్డు హమాలీల గురించి చెప్పాను, ఆలస్యమైన రోజున నా లెక్కలు పూర్తయ్యేలా ముందుగా మా కొట్టు సరుకే కాటా వేయించేవాళ్ళు. అమ్మ వంతు వచ్చినప్పుడు ఒక్కో రోజు మనిషి వైపు వేలు చూపిస్తుంది, ఒక్కో రోజు గిన్నె వైపు. మేము పైకి చెబుతాం, ఆవిడ తల ఊపుతుంది.

అన్నీ ఇంత చక్కగా జరిగాయని అనుకోవద్దు. మధ్యలో ఒక దైవసేవకుడు ఎవరో తీసుకురాగా మా ఇంటికి వచ్చి, అమ్మ తల మీద చెయ్యి పెట్టి గట్టిగా ప్రార్థించి, వెళ్తూ వెళ్తూ "ఇంట్లో ఒప్పుకోని పాపం ఏదో ఉంది, అందుకే స్వస్థత ఆగింది" అని చెప్పి వెళ్ళాడు. అమ్మకు అంతా అర్థమవుతుందని చెప్పాను కదా. ఆ రాత్రి ఆవిడ అన్నం ముట్టలేదు. స్వస్థత ప్రార్థనలకు నేను వ్యతిరేకిని కాను, మా కోసం ఎవరు ప్రార్థించినా చేతులు జోడిస్తాను. కానీ మాట రాని మనిషి ముందు నిలబడి ఆ మాట అనడం క్రూరం. పుట్టుగుడ్డివాణ్ణి చూపించి ఎవరు పాపం చేశారని శిష్యులు అడిగితే "వీడైనను వీని కన్నవారైనను పాపము చేయలేదు" అని యేసే చెప్పాడు, యోహాను తొమ్మిదో అధ్యాయం. మేము ఆ రాత్రి మార్కు పక్కన పెట్టి ఆ అధ్యాయం మొత్తం చదివాం, మా పాపే చదివింది, ఆ వాక్యం రెండుసార్లు చదివింది నేను చెప్పకుండానే. మర్నాడు పొద్దున అమ్మ జావ తాగింది.

మా అక్క విజయవాడలో ఉంటుంది, కాథలిక్ కుటుంబంలోకి ఇచ్చాం. ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో గుణదల మేరీమాత ఉత్సవాలు కదా, 1924లో అక్కడ మాత విగ్రహం పెట్టినప్పటి నుంచి కొండకు జనం వస్తూనే ఉన్నారు. అక్క ఆ జనంలో మెట్లెక్కి అమ్మ పేరున కొవ్వొత్తి వెలిగించి వచ్చింది. ఫిబ్రవరి 11 కాథలిక్కులకు ప్రపంచ రోగుల దినం కూడా అని, ఆ రోజు జబ్బుపడినవాళ్ళతో పాటు వాళ్ళను చూసుకునేవాళ్ళ కోసం కూడా ప్రార్థిస్తారని అక్క చెప్పేదాకా నాకు తెలియదు. పెళ్ళప్పుడు ఈ లూథరన్, కాథలిక్ తేడా మీద మా ఇంట్లో నెలల తరబడి వాదన జరిగింది. ఇప్పుడు అక్క శనివారం వచ్చి ఆదివారం సాయంత్రం దాకా అమ్మ దగ్గర ఉంటే, మేము నలుగురం కలిసి చర్చికి వెళ్ళి వస్తున్నాం. ఆవిడ ఆదివారం పూజ మానుకోకుండా శనివారం సాయంత్రమే వాళ్ళ గుడిలో చూసుకుని మరీ బస్సెక్కుతుంది.

మా ఆవిడ గురించి కూడా చెప్పాలి. నేను ఈ పనులన్నీ చేస్తున్నానని అయ్యగారు నలుగురిలో మెచ్చుకుంటుంటే నాకు సిగ్గేసింది, ఎందుకంటే ఆవిడ ఇదే పని ఇరవై మందికి చేసి ఇంటికొచ్చి ఇక్కడా చేస్తుంది, ఎవరూ మెచ్చుకోరు. ఒకరోజు అడిగాను, డ్యూటీలో ప్రార్థన చేసుకునే టైము ఉంటుందా అని. "వార్డులోకి వెళ్ళే ముందు చేతులు కడుక్కుంటాను కదండీ, అప్పుడు ఒక్కో మంచం నంబరు గుర్తుచేసుకుంటాను, అంతే" అంది. ఇన్నేళ్ళ కాపురంలో ఆ సంగతి నాకు తెలియదు. బైబిల్లో పౌలు తిమోతికి రాస్తూ పిల్లలు, మనవలు "మొదట తమ యింటివారియెడల భక్తి" చూపించడం నేర్చుకోవాలంటాడు. ఆ మాటకు మా ఇంట్లో అందరికంటే ముందు నిలబడాల్సింది ఆవిడే.

మేము చేసినవాటిలో వేరేవాళ్ళకు పనికొచ్చేవి చెబుతాను. ప్రార్థన పొట్టిగా పెట్టుకోండి, రోగి అలసిపోతారు, పిల్లలు విసుక్కుంటారు. కొత్త పాటలకంటే వాళ్ళు చిన్నప్పుడు పాడినవే పాడండి, మాట పోయినవాళ్ళయితే మరీను. రోగి ముందు రోగి గురించి మూడో మనిషిలా ప్రార్థించకండి, "అమ్మా, నీ కోసం ఇది అడుగుతున్నాం" అని చెప్పి అడగండి. అయ్యగారిని ప్రభు భోజనం ఇంటికి తెమ్మని మొహమాటపడకుండా పిలవండి. మింగడం కష్టమైతే ముందే చెప్పాలి. మాకు అయ్యగారు రొట్టెలో చాలా చిన్న తునక తీసి ద్రాక్షారసంలో బాగా నాననిచ్చి ఇచ్చారు, అమ్మను నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం వంచి. చూసుకునేవాళ్ళు వంతులు వేసుకోవాలి, ఒక్కరే మోస్తే ఆ ఒక్కరూ పడిపోతారు. సాయం చేస్తామని ఎవరైనా అంటే వద్దనకండి, ఏ రోజు ఎన్ని గంటలకు రాగలరో అక్కడే అడిగేయండి.

అమ్మ ఇప్పుడు కర్ర పట్టుకుని, పక్కన ఒకరుంటే బాత్‌రూమ్ దాకా నడుస్తుంది. కుడి చెయ్యి రాలేదు. మాటలు కొన్ని వచ్చాయి, బాబు పేరు పిలుస్తుంది, నన్ను మాత్రం ఇంకా అక్క పేరుతోనే పిలుస్తుంది. పాప కన్ఫర్మేషన్ రోజుకు అమ్మను చర్చికి తీసుకెళ్ళాలని అనుకుంటున్నాం. మెట్ల దగ్గర వీల్‌ఛైర్ ఎత్తడానికి యార్డు హమాలీలు ఇద్దరు వస్తామన్నారు, పై వాటా ఆంటీ ఆ రోజుకు అమ్మ తెల్లచీర ఇస్త్రీ చేయించి పెట్టింది. పాపకు కాటకిజంలో పది ఆజ్ఞల దాకా ధారగా వచ్చేసింది, సంస్కారాల (బాప్తిస్మం, ప్రభు భోజనం) భాగం దగ్గర ఇంకా తడబడుతోంది, రోజూ రాత్రి నానమ్మకే అప్పజెబుతోంది.